జయమాల కొసరు

బీదర్ గంజ్‌లో జయమాలది పప్పుల దుకాణం. కందిపప్పు తూచాక సంచిలో ఇంకో పిడికెడు వేయందే ఆమె చెయ్యి ఊరుకోదు. "కొసరు ఇయ్యకుంటె గిరాకి మల్లొస్తదా?" అంటుంది. నిజమే, ఆమె దగ్గర కొన్నవాళ్లు ఇంకో గడప తొక్కలేదు. ఎదురుగా గాజుల దుకాణం నాది, రోజూ చూస్తూనే ఉంటాను.

ఆ చేత్తోనే మనవరాలినీ పెంచింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

కొడుకు సుశీల్ సరుకు కోసం ఊళ్లు తిరుగుతాడు. కోడలు ఔరాద్‌లో టీచరమ్మ, పొద్దున బస్సెక్కితే మళ్లీ సాయంత్రమే. చిన్నారి మంజుష నానమ్మ పక్కన గద్దె మీద కూర్చునేది. బయట లారీలు, హమాలీల బండ్లు. పిల్ల ఉరికితే ఎవరు పట్టుకోవాలి? అందుకని చేతిలో ఫోను పెట్టింది జయమాల. ఇక పిల్ల కదలదు, మెదలదు. "ఎంత బుద్ధిమంతురాలమ్మా!" అని వచ్చినవాళ్లు మెచ్చుకుంటే మురిసిపోయేది కూడా. నాకు ఒళ్లు మండేది. ఇదే దుకాణంలో సుశీల్ చిన్నప్పుడు గోనెసంచుల గుట్ట మీంచి దూకుతూ ఒళ్లంతా దుమ్ము చేసుకునేవాడు. వాణ్ని ఒక్కరూ బుద్ధిమంతుడనలేదు.

కోడలు గట్టిగా చెప్పాక, రోజుకు ఒక్క వీడియో అని నియమం పెట్టారు. అది అయిపోగానే మంజుష మొహం ముడుచుకునేది. జయమాల చెయ్యి ఊరుకుంటుందా? "సరే తియ్ బిడ్డా, ఇది కొసరు," అంటూ ఇంకోటి పెట్టేది. తర్వాత కొసరు మీద కొసరు. పిల్లకు బేరం బాగానే వంటబట్టింది.

బడిలో వేశాక అక్కడి టీచరు జయమాలను పిలిపించింది. ఆటల వేళ మంజుష ఎవరితోనూ కలవదట, గోడకు ఆనుకుని నిలబడుతుందట. ఆ మాటతో జయమాలకు అన్నం సహించలేదు. అప్పటినుంచి సాయంత్రాలు పిల్లను కోట దగ్గరి మైదానానికి తీసుకెళ్లసాగింది.

మంజుష చాలా రోజులు కొంగు వదల్లేదు. చివరికి తొక్కుడుబిళ్ల ఆడుతున్న సోనాలి అనే అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని, "దా, నీ వంతు," అంది. మంజుష వెళ్లింది. ఒంటికాలి మీద గెంతింది, పకపకా నవ్వింది. జయమాల కళ్లు తుడుచుకుంది.

ఇంతలో పిల్ల పడింది. మోకాలు గీరుకుపోయి ఏడుపందుకుంది. "ఏం గాలే, లే, మల్ల దుంకు," అంటూ సోనాలి మట్టి దులుపుతూనే ఉంది. జయమాల పరుగున వెళ్లి, పిల్లను ఒళ్లోకి లాక్కుని ఫోను తీసింది. "ఏడ్వకు బంగారూ, ఒక్కటే, కొసరు." ఏడుపు ఆగింది. సోనాలి బిళ్ల పట్టుకుని కాసేపు నిలబడి చూసి, వెళ్లిపోయింది.

"మంచిగ ఆడుకుంటున్న పిల్లను నా చేత్తోని నేనే గుంజుకొచ్చినక్కా," అని మర్నాడు నా దగ్గర ఏడ్చింది. ఆ సాయంత్రం ఫోనును దుకాణంలోనే వదిలేసింది. నన్నూ తోడు రమ్మంది.

మంజుష తనంతట తానే గళ్ల దాకా నడిచింది. పిల్లలు జట్లు పంచుకుంటున్నారు. "ఈమెను గూడ కలుపుకో బిడ్డా," అని జయమాల బతిమాలింది.

"ఆమె రాదవ్వా. ఆమెకు ఫోనున్నది గదా," అంది సోనాలి, కోపమేమీ లేకుండానే.

"లేదు తల్లీ, ఇయ్యాల తేలే," అంటూ జయమాల రెండు చేతులూ చాపి చూపించింది. అప్పటికే సోనాలి బిళ్లను గడిలోకి విసిరి ఆట మొదలుపెట్టేసింది. మంజుష వెనక్కి వచ్చింది. నానమ్మ ఖాళీ చేతుల్లోకి చూసి, "కొసరు?" అని చెయ్యి చాచింది.