నాపరాయి మీద రెండు సున్నాలు

పక్కింటి అక్క ఆసుపత్రి వరండాలోకి వచ్చి, నేను కూర్చున్న చోట నా ముందు చతికిలబడి, "నీ బిడ్డ పోయిందే" అంది. నరసరావుపేటలో, పొద్దు పొడిచిన కాసేపటికి. టైఫాయిడ్ అన్నారు. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి చదువుతోంది. ఈ పద్నాలుగేళ్ళలో అక్క నోట "నీ బిడ్డ" అన్న మాట నేను వినటం అదే మొదలు. చావు కబురు కంటే ముందు ఆ మాటే నా చెవిన పడింది.

అమ్మాయి చదివిన హైస్కూలు లెక్కల మాస్టారు మొన్న ఇంటికి వచ్చి, స్కూలు పత్రికలో వేస్తాం, ఆ పిల్ల గురించి నాలుగు ముక్కలు రాయమ్మా అన్నారు. నేను చదివింది మూడో తరగతి. ఉత్తరం ముక్క రాయగలను గాని, నలుగురు చదివేది రాయటం ఎరగను. అక్షరాలు దిద్దండి, మాటలు మటుకు దిద్దొద్దని ఆయనకు చెప్పుకున్నాను.

అక్క ఎప్పుడూ "నీ బిడ్డ" ఎందుకనలేదో ముందు చెప్పాలి. మా ఆయన మాచర్ల దగ్గర నాపరాతి క్వారీలో పని చేస్తాడు. క్వారీ పనివాళ్ళ ఇళ్ళన్నీ ఒకే వరస. మా వాకిలికీ పక్కింటి వాకిలికీ నడుమ గోడ లేదు. నిలువుగా పాతిన నాపరాళ్ళే అడ్డం. అటుపక్క అక్క, వాళ్ళాయన, ఇద్దరు మొగపిల్లలు. వాళ్ళు క్రైస్తవులు. ఆదివారం గుడికి పోతారు. మేము శివరాత్రికి కోటప్పకొండ పోతాం. అంతకు మించి మా రెండిళ్ళకూ తేడా ఏమీ లేదు. ఇటు పులుసు కాగితే అటు వాసన పోయేది.

అమ్మాయి కంటే ముందు నాకు ఇద్దరు పుట్టి, పురుటి మంచం దిగకముందే పోయారు. అమ్మాయి పుట్టగానే మా అత్తగారు, బిడ్డను అమ్మేయాలని పట్టుబట్టింది. పిల్లలు బతికి బట్టకట్టిన ఇల్లు చూసి అమ్మాలి. బిడ్డను చేటలో పడుకోబెడితే, కొన్నామె తవుడు తెచ్చి పోస్తుంది. అంతటితో బేరం అయినట్టు. పాలిచ్చి పెంచేది కన్నతల్లే, బిడ్డ మాత్రం కొన్నామెది. మృత్యువు వెతుక్కుంటూ వచ్చినా ఈ ఇంట్లో బిడ్డ లేదనుకొని పోతుందట. పెళ్ళినాడు కొన్నామెకు చీర పెట్టి బిడ్డను వెనక్కి తెచ్చుకోవాలి. అందాకా కన్నతల్లి పొరపాటున కూడా "నా బిడ్డ" అనకూడదు.

అత్తగారు ఈ సంగతి చెబితే అక్క నవ్వింది. "మాకు ఇట్టాంటివి లేవు పిన్నీ. ఫాదరుగారు వింటే గుళ్ళోకి రానియ్యరు" అంది. అని వెళ్ళి, కొంగులో తవుడు పోసుకొని వచ్చింది. ముందు కళ్ళు మూసుకొని ప్రార్థన చేసింది, తర్వాత తవుడు పోసింది.

"రెండూ చేశానే. ఏది పనిచేసినా పిల్ల బతికిద్ది" అంది నాతో.

బతికింది. నడిచింది, మాట్లాడింది, బడికి పోయింది. బస్సులో ఎవరైనా "ఈ పిల్ల ఎవరమ్మాయి?" అంటే "మా అక్క కూతురు" అనేదాన్ని. పిల్ల నా వంక చూసి నవ్వు ఆపుకొనేది. దానికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఇది మా ఇంట్లో ఒక పరాచికం. అక్కను పెద్దమ్మా అని పిలిచేది. రాళ్ళ పైనుంచి అక్క తల పెట్టి, "ఏమే, చీర కొన్నావా? వెంకటగిరి జరీ అంచు చీరైతేనే పిల్లనిచ్చేది. ముతకది తెచ్చావో, తవుడు నా మొహాన కొట్టినా ఇయ్యను" అనేది. వాళ్ళకు అది నవ్వు. నాకు మాత్రం లోపల ఎప్పుడూ బెరుకే. పిల్లకు చిన్న జలుబు చేసినా, నిద్దట్లో నా బిడ్డ అన్నానేమో అని వెతుక్కునేదాన్ని.

తొమ్మిదిలోకి వచ్చాక దానికి కొత్త లెక్కలు మొదలయ్యాయి. సమితులు అంటారట. మాస్టారు కూడా వేసవి సెలవుల్లో పోయి నేర్చుకొని వచ్చారని చెప్పింది. కాగితాలు దండగని రెండిళ్ళ నడుమ నాపరాయి మీదే సాధన చేసేది. బట్టీ దగ్గర దొరికే సున్నపు ముక్కతో నల్లరాయి మీద రాస్తే పలక మీద రాసినట్టే ఉండేది. నా పిండి జల్లెడ రాయికి ఆనించి చుట్టూ గీత గీసేది. జల్లెడను కొంచెం పక్కకు జరిపి ఇంకో గీత. ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన రెండు సున్నాలు. పిండి జల్లించబోతే జల్లెడ అంచు ఎప్పుడూ తెల్లగా ఉండేది. పిల్లను తిట్టుకుంటూ కడిగేదాన్ని.

"లెక్కన్నాక అంకెలుండాలి గదే. ఇదేంది, సున్నాలు గీసుకుంటా కూర్చున్నావు?" అన్నాను ఒకరోజు.

"సున్నాలు కాదమ్మా, సమితులు. ఇదిగో, ఇందులో పుల్లటివి, అందులో పచ్చటి రంగువి. నువ్వు చెప్పు, నేను రాస్తా."

చింతపండు, పెరుగు అన్నాను. పుల్లటి సున్నాలో రాసింది. బెండకాయ, తమలపాకు అన్నాను. పచ్చటి సున్నాలో రాసింది. గోంగూర అన్నాను. సున్నపు ముక్క పట్టుకొని నా మొహం చూస్తూ నిలబడింది. "ఇప్పుడు ఏ దాంట్లో రాయాలి, చెప్పు." పుల్లటి దాంట్లో అన్నాను, కాదు పచ్చటి దాంట్లో అన్నాను. అది రెండు సున్నాలూ ఒకదాని మీద ఒకటి పడిన నడిమి చోట గోంగూర అని రాసి, "రెండింటిలోనూ ఉన్నవి ఇక్కడుంటాయి. దీన్ని ఛేదనం అంటారు" అంది. పచ్చి మామిడికాయ కూడా అక్కడే రాసింది.

అప్పుడే క్వారీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న మా ఆయన, "మీ అమ్మ నోరు కూడా ఆ పుల్లటి దాంట్లో రాయి" అన్నాడు. రాసింది. అక్క రాళ్ళ మీదుగా చూసి, "మీ నాయన్ని ఎంత కడిగినా పోని దుమ్ముల సున్నాలో ఏసెయ్యి" అంది. నలుగురం నవ్వాం. అంతగా నవ్విన సాయంత్రం మా ఇంట్లో మళ్ళీ లేదు.

ఇంకోసారి నేనే ఉబలాటపడి, "మంచోళ్ళందరినీ ఒక సున్నాలో రాయి" అన్నాను. "అది సమితి కాదమ్మా" అంది. "ఎవరు మంచోళ్ళో నువ్వొక మాట చెప్తావు, పెద్దమ్మ ఇంకో మాట చెప్పిద్ది. ఇది లోపల, ఇది బయట అని ఎవరినడిగినా ఒకే మాట రావాలి. అప్పుడే అది సమితి." ఏది చెప్పినా అట్టా తేల్చి చెప్పేది. నేను దాన్ని కన్నానేగాని, ఆ తేల్చి చెప్పే గుణం నాది కాదు.

వానాకాలం వెళ్ళాక మాస్టారు ఒకరోజు, ఇంటి నుంచి రెండు సమితులు మీరే తయారుచేసుకొని రండి అన్నారట. అమ్మాయి జల్లెడ తీసుకొని రాయి దగ్గర కూర్చుంది. ఒక సున్నాలో అమ్మ, నాయన అని రాసింది. రెండో దాంట్లో పెద్దమ్మ, పెదనాయన, పెద్దన్న, చిన్నన్న. నడిమి చోట "నేను" అని రాసుకుంది.

"మనింట్లో ముగ్గురం. పెద్దమ్మ వాళ్ళింట్లో నాతో కలిపి ఐదుగురు. రెండిళ్ళూ కలిపితే ఎంతమంది?"

"ఎనిమిది మంది" అన్నాను.

"ఏడుగురేనమ్మా. నన్ను రెండుసార్లు లెక్కేశావు. సమ్మేళనంలో ఒకసారి రాసినదాన్ని మళ్ళీ రాయరు."

అది బాగానే ఉంది గాని, మా సున్నా లోపల ఆ "నేను" చూసేసరికి ఎవరైనా చదివారేమోనని వాకిలి చుట్టూ చూశాను. నోటితో అనటానికే భయపడ్డ మాట తెల్లగా రాసి ఉంది.

"మన దాంట్లో నీ పేరు రాయొద్దే. పెద్దమ్మ దాంట్లోనే ఉండనియ్యి" అన్నాను.

"అన్నం ఎవరింట్లో తింటున్నా?"

"తింటే తిన్నావులే. పెళ్ళయ్యేటప్పుడు రాసుకుందాం."

"అప్పుడు పెద్దమ్మ దాంట్లోంచి తుడిచెయ్యాలా?"

"ఆఁ. చీర పెడతాం గదా."

అది రాసిన పేర్లన్నీ వేలితో ఒకసారి లెక్కపెట్టుకుంది. తర్వాత, "నేను తుడవను. తుడవాల్సిన పని లేదని మాస్టారే చెప్పారు. రెండింటిలో ఉండొచ్చు" అంది. అంతటితో ఊరుకోకుండా తీసివేత కూడా చేసి చూపించింది. మా ఇంటి సమితిలోంచి పక్కింటి సమితిలో ఉన్నవాళ్ళను తీసేస్తే మిగిలేది అమ్మ, నాయన. మా ఇద్దరినీ విడిగా ఒక కొత్త సున్నాలో రాసింది. నేను దాని చేతిలో సున్నపు ముక్క లాక్కున్నాను. ఇట్టాంటి లెక్కలు ఇంట్లో చెయ్యొద్దని అరిచాను. అది చిన్నబుచ్చుకోలేదు. రాళ్ళు చుట్టి అక్క వాళ్ళ వాకిట్లోకి పోయి, అదే రాయికి అటువైపు మొహాన మళ్ళీ అదే బొమ్మ గీసుకుంది. జల్లెడ కూడా పట్టుకుపోయింది.

దాని లెక్కకు మాస్టారు రైటు కొట్టారు. ఆ మాట చెప్పటానికి పరుగెత్తుకుంటూ వచ్చిన రోజు అది ఎంత ఆరోగ్యంగా ఉందో.

జ్వరం పట్టింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ పట్టింది. దాన్ని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోయే రోజు పొద్దున్నే, బస్సుకు టైము అవుతున్నా, నేను తడి గుడ్డ తీసుకొని రాయి దగ్గరికి పోయాను. ఆ "నేను" తుడిచాను. నడిమి చోటు కదా, తుడిస్తే రెండింటిలోంచీ పోయింది. నాకు కావలసింది మా దాంట్లోంచి పోవటమే. విడిగా ఎట్టా తుడవాలో తెలియక సున్నాలు రెండూ తుడిచేశాను.

ఆసుపత్రిలో నర్సమ్మ, "పిల్ల దగ్గర తల్లి ఒక్కరే ఉండండి. మిగతావాళ్ళు బయటికి నడవండి. తల్లి ఎవరు?" అంది. అక్క నా వంక చూసింది. నేను అక్కను చూపించి, "ఆమె" అన్నాను.

"ఏందే నువ్వు" అని అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడే గదక్కా. పో. పిల్ల బతకాలి" అన్నాను.

అక్క లోపలికి పోయింది. నేను, మా ఆయన వరండాలో కూర్చున్నాం. కిటికీలోంచి దాని కాళ్ళు కనిపించేవి. అక్క వాటిని రుద్దుతూ ఉండేది. నేను లోపల ఎందుకు లేనని అది అడిగిందట. సంగతి చెబితే, "నర్సుకు చెప్పు పెద్దమ్మా, ఇద్దరు ఉండొచ్చని" అందట. ఆ మాట అక్క నాకు చానా రోజుల తర్వాత చెప్పింది. ముందే చెబితే నేను తట్టుకోలేనని దాచుకుంది.

మీరు చదువుకుంటున్న పిల్లలు. మీ మాస్టారు ఇది మూఢనమ్మకం అంటారు. అయి ఉండొచ్చు. నేను మాత్రం ఇంకా తేల్చుకోలేదు. నేను "ఆమె" అన్నది సరిపోక పిల్ల పోయిందా, అది మా సున్నాలో రాసుకున్నందుకు పోయిందా, నేను తుడిచినందుకు పోయిందా. రోజుకొకటి నిజమనిపిస్తుంది. ఏదీ కాదు, జ్వరం వల్ల పోయిందని మా ఆయన అంటాడు. అని, వాకిట్లోకి పోయి నిలబడతాడు.

ఇంకొక బాధ కూడా పట్టుకుంది. చీర పెట్టకుండానే పోయింది గదా, అది ఎవరి బిడ్డగా పోయినట్టు? క్రిస్మస్ వెళ్ళాక ఒకరోజు నా దగ్గరున్న కొత్త చీర పళ్ళెంలో పెట్టుకొని అక్క ఇంటికి పోయాను. అమ్మాయి పోయాక అక్కే మా ఇంటికి వచ్చేది, నేను అటు పోవటం అదే మొదలు. అక్క పళ్ళెం చూసింది. అందుకోలేదు.

"ఇది తీసుకుంటే పిల్ల నీకు వచ్చేసిద్దిగా" అంది.

"అందుకేగదక్కా."

"మరి నాకేం మిగిలిద్ది?"

 ఆమె పళ్ళెం అరుగు మీద పెట్టించి, నా చెయ్యి పట్టుకొని నాపరాళ్ళ దగ్గరికి తీసుకుపోయింది. పండక్కి వాళ్ళ ఇల్లంతా సున్నం వేశారు. గోడలు, అరుగు, వరసగా రాళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్క రాయి మాత్రం నల్లగానే ఉంది. "పెద్దోడు దీనికీ కొట్టబోయాడు. వాడి చెయ్యి పట్టుకున్నా" అంది.

ఆ రాయి మీద జల్లెడంత రెండు సున్నాలు. నేను ఇటువైపు తుడిచేసిన బొమ్మే. అమ్మ, నాయన. అటు ఆ నలుగురు. నడిమి చోట దాని చేతిరాత. కూడబలుక్కొని చదివాను. వాళ్ళ సున్నాలో ఉంది. మా సున్నాలోనూ ఉంది.

చీర వెనక్కి తెచ్చేసుకున్నాను. మళ్ళీ తీసుకుపోలేదు, పోను.

నిన్న సాయంత్రం గాలి లేచి, ఎండాకాలపు మబ్బు కమ్మింది. మొదటి చినుకు పడగానే నేను తాటాకు తడిక ఎత్తుకొని రాళ్ళు చుట్టి పరుగెత్తాను. అక్క అప్పటికే అక్కడుంది, రాయికి వీపు ఆనించకుండా, కొంగు రెండు చేతులతో దాని ముందు పట్టుకొని. ఇద్దరం కలిసి తడిక వాల్చాం. గాలికి ఎగిరిపోకుండా ఆమె ఒక కొస, నేను ఒక కొస పట్టుకొని వాన వెలిసేదాకా తడుస్తూ నిలబడ్డాం. తాటాకుల సందులోంచి తెల్లటి గీత కొంచెం కనిపిస్తూనే ఉంది.