పెట్ట శీలానికి పరీక్ష

కోదాడలో ఉండే మా బామ్మర్దికి నా పెట్టను పాలుకిచ్చాను. పెట్ట నాది, పెంపకం వాడిది, పిల్లలు చెరిసగం. మిర్యాలగూడలో మా ఇంటి చుట్టూ రైసుమిల్లుల ఊకే తప్ప కోడి తిరిగే జాగా లేదు. వాడి దగ్గరేమో అసీల్ జాతి పందెం పుంజు ఉంది. పసుపులో ముంచి తీసినట్టుండే కాళ్లు. నా పెట్టవీ పసుపు కాళ్లే. జాతి చెడకూడదని జంట కట్టాం. కులం పోవాలని సూర్యాపేట సభల్లో బల్ల గుద్దిన నేనే, కోళ్లకు మాత్రం కులం చూసి సంబంధం కలిపాను. ఆ సంగతి నా భార్య నన్ను మరిచిపోనివ్వదు.

మూడు నెలలకు పిల్లల కాళ్ల రంగు తేలింది. పుంజుపిల్లలన్నీ పసుపు. మూడు పెట్టపిల్లలకు మాత్రం పాచి పట్టిన రాయిలా ఆకుపచ్చ కాళ్లు.

బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, నీ పెట్ట మంచిది కాదు. ఎవరి పుంజు దగ్గరికో పోయొచ్చింది. ఆదివారం రా, కూర వండిద్దాం."

వెళ్లాను. "పోవడం నువ్వు చూసినవా?"

"చూడాలా? కాళ్లు చెప్పట్లా?"

"మరి నీ పుంజు ఎటూ పోదా?"

"పుంజన్నాక నాలుగిళ్లు తిరుగుద్ది బావా."

కూతుళ్ల కాళ్లకు ఆ ముదురు రంగు తండ్రి నుంచే వస్తుందని, పసుపు కాళ్ల పుంజులోనూ అది దాగి ఉండొచ్చని చెప్పాను. తిథి చూసి పందెంలో ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పేవాడికి ఈ మాట మూఢనమ్మకంలా వినిపించింది.

చివరికి ఒప్పందమైంది. అదే పుంజుతో వాడి ముద్దుల పసుపు కాళ్ల పెట్టను జాలీ గూట్లో పెట్టి తాళం వేయాలి. తాళంచెవి వాడి భార్య దగ్గర. ఆకుపచ్చ కాళ్లు రాకపోతే నా పెట్టను నేనే కోసిస్తాను.

నెలలు గడిచాక మళ్లీ వెళ్లాను. ఈసారి రెండు పెట్టపిల్లలకు ఆకుపచ్చ కాళ్లు. బామ్మర్ది ఒకదాని కాలిని గోటితో గీకి చూశాడు.

"ఇదీ అట్టాంటిదే బావా."

"తాళం వేసిన గూట్లోనా?"

"జాలీ సందులు పెద్దయి."

వాడి భార్య తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు ఇద్దరూ ఆడపిల్లలే. అందుకు మా అత్త ఏళ్లుగా ఆమెనే ఆడిపోసుకుంటోంది.

"అన్నయ్యా, మనుషుల్లో ఆడపిల్లలు పుట్టేదీ తండ్రిని బట్టేనా?"

"కోళ్ల లెక్క వేరమ్మా. మనుషుల్లో మాత్రం అంతే."

ఆమె గుమ్మం దిగింది. కూరకని బామ్మర్ది ముందే గంప కింద మూసిపెట్టిన నా పెట్టను వదిలింది. అది రెక్కలు దులుపుకుని ఎరువు కుప్ప వైపు నడిచింది.

"ఈ పెట్ట ఇక్కడే ఉంటది," అంది. "ఇయ్యాల పప్పు."

లోపల మా అత్త టీవీ సౌండు పెంచింది.