నిదానంగారు తీసిన బ్యాకప్

మా పిన్ని పైపుల కంపెనీలో లెక్కలు చూసేది. కీబోర్డు మీద ఆవిడ వేళ్ళు పడుతుంటే వడగళ్ళు రాలినట్టుండేది.

ఆ కంపెనీని పక్క వీధిలోని టైల్స్ కంపెనీతో కలిపేశారు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇద్దరి డేటా ఒకటి చెయ్యమన్నాడు యజమాని. అక్కడి అకౌంటెంటు పిన్ని గదికే వచ్చి ఎదురు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఏ పనైనా తాపీగా చేస్తాడని ఆయన్ని అందరూ నిదానంగారు అనేవారు. డేటా ఒకటైతే కుర్చీ కూడా ఒకటే మిగులుతుందని పిన్నికి గుబులు పట్టుకుంది. బాబాయి నడుం నొప్పితో పని మానేసిన రోజులవి. ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది.

భార్యను కంటి డాక్టరుకు చూపించాలని నిదానంగారు సెలవు పెట్టాడు. ఈలోగా తానొక్కతే పని ముగించి పేరు కొట్టేద్దామని పిన్ని ఆయన డేటాను తన దాంట్లోకి ఎక్కించేసింది. తీరా తెరిచి చూస్తే అంతా తప్పుల తడక. ఒకే పేరున్న రెండు కొట్లను సాఫ్ట్‌వేర్ ఒకే ఖాతా చేసేసింది. బస్టాండు దగ్గరి కొట్టు ఖాతాలో రైలుగేటు దగ్గరి కొట్టు బిల్లులు వచ్చి పడ్డాయి. తెల్ల సిమెంటు ఇక్కడ కిలోల్లో, అక్కడ బస్తాల్లో ఉండడంతో సరుకు లెక్కంతా కలగాపులగమైంది. వెనక్కి తిప్పుదామంటే ఆవిడ బ్యాకప్ తీసుకోలేదు.

మర్నాడు నిదానంగారు రాగానే అంతా చెప్పేసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని తెర వంక చూశాడు.

"కంగారు పడకండమ్మా. మొన్న వెళ్ళేముందు బ్యాకప్ తీశాను."

"మీ దానికేగా?"

"రెండింటికీ. నాది తీసుకుని మీది వదిలేస్తే ఏం బాగుంటుంది చెప్పండి?"

పిన్ని లేచి తన కుర్చీని ఆయన బల్ల పక్కకి లాక్కుంది.

పాత డేటా తిరిగొచ్చింది. ఈసారి కొట్ల పేర్ల పక్కన వీధులు చేర్చి, బస్తాలను కిలోల్లోకి మార్చి, ఆ తర్వాతే కలిపారు. ఒకరు చదువుతుంటే మరొకరు ప్రతి ఖాతా సరిచూశారు.

"మీరు ఒక్క క్లిక్ చేసేలోపు నేను టీ తాగొచ్చేస్తానండీ," అనేది పిన్ని.

"నాక్కూడా తెచ్చెయ్యండమ్మా," అనేవాడాయన తలెత్తకుండా.

పని చూసి యజమాని సంబరపడ్డాడు. "స్పీడంటే మీదేనమ్మా!"

"ఆ స్పీడే కొంప ముంచిందండీ. నిలబెట్టింది ఈయన," అంటూ పిన్ని జరిగిందంతా చెప్పింది. నిదానంగారు ఇబ్బందిగా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

యజమాని ఎదురెదురుగా ఉన్న రెండు బల్లల వంకా చూశాడు. "ఇకమీదటా ఇద్దరూ ఇలాగే చూసుకోండి," అని వెళ్ళిపోయాడు.

నిదానంగారు రిటైరయ్యేదాకా ఇద్దరూ ఎదురెదురుగానే పనిచేశారు. బాబాయి కోలుకున్నదీ, వాళ్ళమ్మాయి చదువు సాగిందీ ఆ ఉద్యోగం వల్లే. ఇప్పటికీ ఆయన ప్రస్తావన వస్తే పిన్ని గొంతు మెత్తబడుతుంది.

"నా డేటా ఏమైతే ఆయనకేంరా? అప్పటిదాకా ఆయన్ని నేను మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు."