లోసలీనీ సిస్టరు మంచం పట్టిన వారం

లోసలీనీకి జ్వరం వస్తుందని మా దీవిలో ఎవరూ అనుకోలేదు. జ్వరాలు మాకు వస్తాయి, మందు ఆమె ఇస్తుంది. కడావు దీవికి ఈ చివరనున్న ఊళ్ళన్నిటికీ ఆమె ఒక్కతే నర్సు. నాకు ఆడబిడ్డ. మొగుడు పడవ ప్రమాదంలో పోయాడు, కూతురు దూరాన లౌటోకా పట్నంలో కాపురముంటోంది. ఆసుపత్రి గదీ, దాని వెనక చిన్న ఇల్లూ, అంతే ఆమె లోకం.

ఏటా చలికాలంలో ఆస్ట్రేలియా నుంచి ఎవరో ఒక కాలేజీ పిల్ల దిగేది. నర్సో డాక్టరో కావాలనుకునేవాళ్ళు. జీతం లేకుండా కొన్ని వారాలు మా దగ్గర పని చేసి, చెయ్యి తిరిగాక వెళ్ళేవాళ్ళు. లోసలీనీ వాళ్ళకి వండి పెట్టేది, దగ్గరుండి నేర్పేది. తీరా పనికొచ్చే వేళకి వాళ్ళు పడవెక్కేవాళ్ళు. రేవులో కౌగిలింతలు, ఏడుపులు.

"ప్రతిసారీ మొదటికే వస్తున్నా వదినా. ఈసారి నావల్ల కాదు," అంది నాతో. అప్పటికే ఆ ఏటి పిల్ల టాంసిన్ బయల్దేరిపోయింది.

టౌన్స్‌విల్ పిల్ల. నర్సింగ్ మూడో ఏడు. మాట తక్కువ. ఎండకి ముక్కు ఎర్రగా కందిపోయేది. మొదటిరోజే లోసలీనీ ఆ పిల్లని సకియుసా ఇంటికి తీసుకెళ్ళింది. చక్కెర జబ్బుతో ఆయన మడమ మీద పుండు మానడం లేదు. లోసలీనీకి మేనబావ, కాబట్టి వేళాకోళం ఆడకుండా ఊరుకోడు.

"ఏం మరదలా, నువ్వు ముసలిదానివయ్యావని కొత్త పిల్లని తెచ్చావా?"

"నీ కాలి కంపు నేనొక్కదాన్నే ఎందుకు భరించాలి బావా? నీకంటే మొన్నటి చేప నయం."

ఇల్లంతా నవ్వింది. టాంసిన్ ఒక్కతే నవ్వలేదు, పుండునే చూస్తోంది.

తర్వాత రోజూ అదే పని. పుళ్ళు కడగడం, పసిపిల్లల్ని తూచడం, గది తుడవడం. ఓ రోజు కర్రపెండలం ఒలుస్తూ టాంసిన్ లోసలీనీని అడిగేసింది.

"అమ్మా, పెద్ద కేసులెప్పుడొస్తాయి?"

"వస్తే పడవెక్కించి పంపేస్తాం. మనకి మిగిలేది ఇదే."

ఆ వారమే లోసలీనీ కట్టు కడుతూ కడుతూ గోడకి జారగిలబడింది. డెంగీ. సముద్రం పొంగి అల్లకల్లోలంగా ఉంది, పడవ కదలదు. పెద్దాసుపత్రి డాక్టరు ఫోనులోనే చెప్పాడు. నీళ్ళు బాగా పట్టించాలి, ఎక్కడైనా నెత్తురు కనిపిస్తే వెంటనే చెప్పాలి అని.

జనం మాత్రం ఆగలేదు. గుమ్మంలో నిలబడి టాంసిన్ అందరికీ ఒకటే మాట చెప్పింది. "నేనింకా నర్సుని కాదు. చదువుకుంటున్నా." డాక్టరు ఫోనులో సరేనన్నంత వరకే చేసింది. పాత పుళ్ళు కడిగింది, మందుల బీరువా జోలికి పోలేదు.

"మరి ఊడిపడిందెందుకటా?" అంది సకియుసా పెళ్ళాం. ఆ పిల్ల తలొంచుకుని ఆయన కాలు కడిగి వెళ్ళిపోయింది.

మిగిలిన పొద్దంతా లోసలీనీ మంచం దగ్గరే. చెంచాతో కొబ్బరినీళ్ళు పట్టేది, తల దువ్వేది, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచేది.

"వదిలెయ్యవే, నేను తుడుచుకోగలను."

"ఏదీ, చెయ్యి ఎత్తండి చూద్దాం."

ఎత్తలేకపోయింది. కాసేపటికి ఆమె కళ్ళ పక్కనుంచి నీళ్ళు కారడం నేను చూశాను. "నా మొహం ఇంకొకళ్ళు తుడిచి ఎన్నేళ్ళయిందో వదినా," అంది.

ఓ సాయంత్రం టాంసిన్ మా మెట్ల మీద కూలబడింది. నిమ్మాకు టీ ఇస్తే కప్పు పట్టుకుని కూర్చుంది.

"ఈ పని చెయ్యగలనో లేదో తేల్చుకుందామని వచ్చానత్తా. చెయ్యగలను. అదే భయంగా ఉంది."

"చెయ్యగలిగితే భయమెందుకే?"

"చెయ్యగలిగినవాళ్ళని ఇంక వదలరు కదా. లోసలీనీ అమ్మని చూడండి."

కప్పులో ఇంకొంచెం టీ పోశాను.

జ్వరం దిగింది. సముద్రం కూడా దిగింది. టాంసిన్ వెళ్ళే రోజు లోసలీనీ ఎముకల గూడులా రేవుకొచ్చింది. ఈసారి ఏడుపుల్లేవు.

"ఈ పనే చెయ్యి. ఒక్కదానివే ఉండే చోట మాత్రం చెయ్యకు. నువ్వు పడిపోతే పట్టుకునే మనిషి పక్కనుండాలి."

"మరి మీకు?"

లోసలీనీ పడవ వైపు చెయ్యి చూపించింది, ఎక్కమని.

ఇప్పుడు టాంసిన్ వాళ్ళ ఊరి ఆసుపత్రిలోనే నర్సు. ఒక్కో షిఫ్టులో అరడజను మంది నర్సులుంటారట. అయినా కాళ్ళు లాగుతున్నాయని ఫోనులో చెబుతుంది. మా ఊరిపెద్ద రాజధాని సువాకి వెళ్ళి రెండో నర్సు కావాలని అధికారుల్ని అడిగాడు. చూస్తామన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. కొన్నాళ్ళకి వేరే దీవి నర్సుని అప్పు తెచ్చి, లోసలీనీని బలవంతంగా సెలవు మీద లౌటోకా పంపాం.

అక్కడినుంచి కూతురు కంగారుగా ఫోను చేసింది. "అమ్మ లేవడమే లేదత్తా. ఇంత తింటోంది, మళ్ళీ పడుకుంటోంది. ఏమైనా జబ్బంటావా?"

"జబ్బు కాదమ్మా," అన్నాను. "పిల్లల్ని అరవొద్దను. పడుకోనియ్యి."