సియెనా సందుల్లో మేమిద్దరం

నిన్న ఒటావా పక్కనున్న కనాటా నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మన పిల్లలు కెనడా కాలేజీలకు వరదలా వచ్చిన ఆ ఏళ్ళలో, హామిల్టన్‌లో మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న ముగ్గురిలో పెద్దది. ఇప్పుడు ఉద్యోగం, పెళ్ళి అన్నీ అయి, భర్తతో ఇటలీ వెళుతోందట. "అంకుల్, సియెనా ఒక్క రోజులో కవర్ అవుతుందా? మీరు టైమింగ్స్‌తో సహా రాసుకునే ఉంటారుగా!" అంది. రాసుకున్నాను. చూసి చెబుతానని ఫోన్ పెట్టేసి, ఆ ఏటి డైరీ తీశాను.

నేను రిటైరైన ఏడాది అది. చలికాలమంతా కింద పిల్లలకు పప్పూ చారూ వండి పంపుతూ మా ఆవిడ బాగా నీరసించింది, దగ్గు కూడా వదల్లేదు. నాలుగు ఊళ్ళు తిప్పితే తేరుకుంటుందనుకున్నాను. మనలో చాలామందిలాగే నేను విహారాన్నీ ఉద్యోగంలాగే చేశాను: తొమ్మిదింటికి ఊరి ద్వారం, పదింటికి నలుపూ తెలుపూ చారల పాలరాతి చర్చి, పదకొండున్నరకు గోపురం. సియెనా కొండమీది ఊరు, ఇటుక ఇళ్ళ మధ్య సందులన్నీ ఎక్కుడూ దిగుడే. ఆమె ప్రతి మలుపులోనూ కాసేపు కూర్చుందామంటూ గోడకు చెయ్యి ఆనించి నిలబడేది. నేను పది అడుగులు ముందుకు పోయి వాచీ చూసుకునేవాణ్ణి. "మీ డైరీకేమండీ, దానికి ఆయాసం రాదు" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆ పిల్లలకు చాకిరీ చేసే ఓపిక నాతో నడవడానికి లేదా అన్నాను. ఆ తర్వాత ఆమె ఇక కూర్చుందామని అడగలేదు. పళ్ళెంలా వాలిన పెద్ద చౌకులో ఆమెను వదిలి, గోపురం నాలుగు వందల మెట్లూ ఒక్కణ్ణే ఎక్కాను. పైనుంచి చూస్తే రెండు చేతులూ నేలకు ఆనించి, తల వంచుకుని కూర్చుని ఉంది. ఎండకు కాబోలనుకున్నాను.

ఇంటికి తిరిగొచ్చిన మర్నాడు ఈ అమ్మాయే పైకి వచ్చి, ఆసుపత్రికి ఎప్పుడు వెళుతున్నారని అడిగింది. నా ముఖం చూసి, "అయ్యో, ఆంటీ మీకింకా చెప్పలేదా అంకుల్?" అంది. కూరగాయలకని చెప్పి వాళ్ళిద్దరూ వెళ్ళింది స్కాన్‌కట. ఊపిరితిత్తుల్లో గడ్డ ముదిరిందని మేము బయల్దేరే ముందురోజే ఫోన్ వచ్చిందట. ఎందుకు దాచావని మా ఆవిణ్ణి అడిగితే, ప్రయాణం పెట్టుకుని నోటితో అలాంటి మాట ఎలా అంటామండీ అంది, అంతకన్నా మామూలు సంగతి లేనట్టు. మళ్ళీ మంచు కురిసేనాటికి ఆమె లేదు.

నిన్న సాయంత్రం ఆ డైరీ పేజీని అమ్మాయికి ఫోన్‌లో వేళలతో సహా చదివి వినిపించాను. అడుగున ఉన్న ఒక్క వాక్యం మాత్రం చదవలేకపోయాను: "ఈమె వల్ల నలభై నిమిషాలు ఆలస్యం."

ఇప్పుడు పిల్లల రాక తగ్గింది, బేస్‌మెంట్ ఖాళీగా ఉంది. డాక్టరు దగ్గరికైనా, గుడికైనా, చెప్పిన వేళకు చాలా ముందే చేరుతున్నాను. చేరి, ఎవరి కోసమో ఆగినట్టు తలుపు దగ్గరే నిలబడుతున్నాను.