అన్నదమ్ములు వదిలేసిన ఇంటిపేరు

మా ఇంటిపేరు చెబితే కువైట్‌లో ఎవరైనా రెండోసారి అడుగుతారు. ముఖం గోదావరిది, పేరు ఫ్రెంచిది. యానాం ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న రోజుల్లో మా ముత్తాత తండ్రి, మన ఆచారాల చట్టం వద్దు, మీ చట్టమే కావాలని సంతకం పెట్టి ఓ ఫ్రెంచి పేరు తీసుకున్నాడట. పూజలు మాత్రం మానలేదు. ఆయన వదిలేసిన అసలు ఇంటిపేరు మా నాన్నకీ తెలియదు.

నేను పెళ్ళాడబోయినవాడిదీ యానామే, అలాంటి పేరే, కాకపోతే వేరే పేరు. అబూ హలీఫాలో మాకు రెండు వీధుల అవతల ఉండేవాడు, షుఐబాలో ఇంజనీరు. మా కులంలో గోత్రం అందరికీ ఒకటే. సంబంధానికి చూసేది ఇంటిపేరే. పేర్లు వేరు కాబట్టి అమ్మ నిశ్చింతగా తాంబూలాలు ఇప్పించింది.

ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. నేను ఊరుకునే రకం కాదు. ఇక్కడి నివాస పర్మిట్టు, ఈ ఇఖామా నమ్ముకుని ఎన్నాళ్ళుంటాం, పాత కాగితాలు దొరికితే ఫ్రెంచి పాస్‌పోర్టు అడగొచ్చు కదా అని, ఇద్దరం ఆ సంతకాల కాగితం నకళ్ళ కోసం ఫ్రాన్సుకి దరఖాస్తు పెట్టేదాకా అతన్ని పీకి పాకం పెట్టాను. "నీది వచ్చిందా?" అని వారం వారం అడిగేదాన్ని. "ఎక్కడిదీ, రాలేదు" అనేవాడు.

ఒక శుక్రవారం పొద్దున నా నకలు మెయిల్లో వచ్చింది. ఫోనులో అనువాదం చేసుకుంటూ చదివాను. అసలు ఇంటిపేరు కనబడగానే ఎగిరి గంతేశాను. దాని కిందే మరో సంతకం ఉంది. అదే ఇంటిపేరు, అదే తండ్రి. అన్నతో పాటు అదే రోజు సంతకం పెట్టిన తమ్ముడు. ఎవరి కొత్త పేరు వాళ్ళే ఎంచుకున్నారు. తమ్ముడు ఎంచుకున్నది నా కాబోయే భర్త ఇంటిపేరు.

మూడుసార్లు చదివాను. ఒకే ఇంటిపేరైతే మాలో ఎన్ని తరాలు గడిచినా అన్నాచెల్లెళ్ళ వరస.

సముద్రం ఒడ్డున నా కారులో అతనికి ఫోను చూపించాను. చదవనే లేదు.

"తెలుసు. నాది వచ్చి నెలయింది. నీది రాకూడదని రోజూ దండం పెట్టుకుంటన్నాను."

నెల! ఆ నెలలోనే నా పక్కన కూర్చుని శుభలేఖ ఎంచాడు. కాగితం చూసి బిత్తరపోయాను గానీ, ఈ మాటకి ఒళ్ళు మండిపోయింది.

"ఐదు తరాల కిందటి మాటే అది. ఎవరికీ చెప్పొద్దు, ఆ మెయిళ్ళు తీసేద్దాం," అని నా చెయ్యి పట్టుకున్నాడు. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, అంత దూరపు రక్తం లెక్కకి రాదని నాకూ తెలుసు. అయినా చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అలా లాక్కున్నందుకు నాకే భయమేసింది. అతనంటే నాకు ప్రాణం.

అప్పుడే అమ్మ ఫోను, కారు స్పీకర్లో. శుభలేఖల గురించి ఏదో అడుగుతోంది. దాచడం నా వల్ల కాలేదు, మొత్తం చెప్పేశాను.

"అయ్యబాబోయ్! అయితే ఆ అబ్బాయి నీకు అన్నయ్యవుతాడే! పక్కనే ఉన్నాడా?"

అతను గొంతు సవరించుకున్నాడు. ఆర్నెల్లుగా మా అమ్మని నోరారా అత్తయ్యగారూ అని పిలుస్తున్నవాడు.

"ఉన్నాను, దొడ్డమ్మా," అన్నాడు.