ఎనిమిది గళ్ళ మాస్టారు

ఆ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు రెండో అంతస్తు చివర, సామాన్ల గది పక్కన ఉంటుంది. లోపలికి అడుగుపెట్టగానే ముందు కంటపడేది కంప్యూటర్లు కాదు. వరుసల మధ్య వంగి నిలబడి, ఒక కన్ను మూసుకుని, చేతిలోని స్టీలు స్కేలును ఎవరి తెరకో ఆనించి, వడ్రంగి తలుపు చెక్క చూసినట్టు చూస్తున్న ఓ పెద్దమనిషి కనిపిస్తారు. ఆయన సి భాష నేర్పే మాస్టారు. పిల్లలు పెట్టిన పేరు గళ్ళ మాస్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతుంటారు కూడా.

సి భాషలో లెక్క చెయ్యడం ఒక పని, వచ్చిన జవాబును తెర మీద పద్ధతిగా చూపించడం ఇంకో పని. ఈ రెండో పనికి ప్రింట్ఎఫ్ అని ఒక మాట ఉంది. అంకెకు ఎన్ని గళ్ళ చోటు వదలాలో, దశాంశ చుక్క తర్వాత ఎన్ని అంకెలు రావాలో దానికి ముందే చెప్పుకోవచ్చు. మన మాస్టారు చెప్పించేది ఎప్పుడూ ఒకటే. మొత్తం ఎనిమిది గళ్ళు, చుక్క తర్వాత రెండంకెలు. ఒంటి జ్వరమైనా, ఊరి జనాభా అయినా, చంద్రుడు ఎంత దూరమన్నదైనా సరే, ఆ ఎనిమిది గళ్ళలో ఒదిగి కూర్చోవలసిందే. చుక్క కింద చుక్క పడాలి. చుట్టూ నక్షత్రం గుర్తులతో పెట్టె కట్టాలి. పెట్టె నాలుగు మూలలూ కలిస్తే పదికి పది మార్కులు. ఒక్క నక్షత్రం పక్కకు జరిగిందా, మాస్టారు ఒంటికాలి మీద లేస్తారు.

"లెక్కదేముంది నాయనా, కాలిక్యులేటరు కూడా చేస్తుంది. దాన్ని కుదురుగా నిలబెట్టడమే మనిషి పని" అంటారు.

వినడానికి గొప్పగానే ఉంటుంది. గొప్పగా వినిపించే మాటలతో వచ్చే చిక్కే అది, వాటిని ఎవరూ రెండోసారి ఆలోచించరు.

ఈ పిచ్చి ఆయనకు నిన్నా మొన్నా పట్టింది కాదు. టైపు మిషన్ల రోజుల్లో ఓ ఆఫీసులో టైపిస్టుగా చేశారు. అక్కడి పై అధికారి కాగితాన్ని చదివేవాడు కాదు. చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, అంచులు సూటిగా ఉన్నాయో లేదో చూసి, సంతకం గీకేసేవాడు. అందులో ఏముందన్నది అతని బుర్రకు పట్టేది కాదు. పెద్దవాళ్ళు లోకాన్ని చూసే తీరు ఇదే కాబోలని మాస్టారు ఆ వయసులోనే ఖాయం చేసుకున్నారు. తర్వాత సాయంత్రాల కోర్సులో సి నేర్చుకుని మాస్టారయ్యారు గానీ, ఆ చూపు మాత్రం మారలేదు.

ఇంట్లోనూ అదే తంతు. ఆయన భార్య ఒకరోజు కాఫీలో పంచదార వెయ్యడం మర్చిపోయింది. మాస్టారు గుక్క తిప్పుకోకుండా తాగేశారు. మర్నాడు పంచదార సరిగ్గానే వేసింది గానీ, కప్పు చెవి గోడవైపు తిప్పి పెట్టింది. దాన్ని ఆయన ముట్టుకోలేదు. గట్టు మీద గిన్నెలు పొడుగువారీగా ఉండాలి, తీగ మీద బట్టలు అంచులు కలిసి ఆరాలి. ఆవిడ ఏదైనా చెప్పుకుంటుంటే ఈయన గోడ మీద వంకరగా వేలాడుతున్న క్యాలెండరు వంక చూస్తుంటారు.

పాపం ఆవిడ చెప్పుకునేది కూడా ఒక్కటే. వాళ్ళు ఉండేది టైర్ల షాపు మీద రెండు గదుల్లో. కింద గాలి కొట్టే మిషను మొదలైతే గిన్నెలు వాటంతటవే కదులుతాయి. మాట్లాడుకోవాలంటే అరవాలి. కాలేజీ వెనక స్టాఫ్ క్వార్టర్లున్నాయి, వంటింటికి కిటికీ కూడా ఉంది. కానీ అవి పర్మనెంట్ వాళ్ళకే ఇస్తారు. మాస్టారేమో చేరిన నాటినుంచీ టెంపరరీ.

"మన బతుక్కి నిశ్శబ్దం రాసిపెట్టి లేదా అండీ?" అనేది ఆవిడ.

ఆ ఏడాది రాసిపెట్టి ఉన్నట్టే కనిపించింది. ప్రిన్సిపాల్ మాస్టారిని గదిలోకి పిలిచి, "తనిఖీకి పైనుంచి ఒక మేడమ్ వస్తున్నారు. మీ ల్యాబు చూసి ఆవిడ బాగుందని రాస్తే చాలు, మీ పర్మనెంట్ కాగితం మీద నేను సంతకం పెడతాను" అన్నాడు. మాస్టారు ఉబ్బితబ్బిబ్బయిపోయారు. ఇంట్లో ఆవిడ ఆ సాయంత్రమే షాపువాణ్ణి అడిగి రెండు అట్టపెట్టెలు తెచ్చి, వాడని గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

ఇక్కడ ల్యాబు గుట్టు ఒకటి చెప్పాలి. మాస్టారు ఎన్నేళ్ళుగానో చేయిస్తున్న ప్రోగ్రాం ఒకటే. మూడంకెలు ఇవ్వాలి, వాటి మొత్తం, సగటు పెట్టెలో కనిపించాలి. ఆయన ఎప్పుడో బోర్డు మీద డెబ్భై రెండు, నలభై ఎనిమిది, యాభై రెండు అని రాశారు. ఆ అంకెలే పాతుకుపోయాయి. మొత్తం నూట డెబ్భై రెండు, సగటు యాభై ఏడు పాయింట్ మూడు మూడు. పిల్లలేమైనా పిచ్చివాళ్ళా? మాస్టారు అంకె చూడరు, పెట్టె చూస్తారని వాళ్ళకు మొదటి వారంలోనే తెలిసిపోయేది. కూడిక ఎందుకు, భాగహారం ఎందుకు? మర్యాదకు మూడంకెలు అడిగి, అవి ఏవైనా సరే, జవాబు మాత్రం నూట డెబ్భై రెండు, యాభై ఏడు పాయింట్ మూడు మూడు అని నేరుగా అచ్చు వేసేసేవాళ్ళు. పదికి పది తీసుకుని క్యాంటీనుకు పోయేవాళ్ళు.

నిజంగా లెక్క చేసింది ఒక్కతే. వేరే కాలేజీ నుంచి మధ్యలో వచ్చి చేరిన అమ్మాయి. ఆచారం తెలియక కూడింది, భాగించింది. అంతటితో ఊరుకోకుండా మాస్టారిని పిలిచింది.

"సార్, పెద్ద అంకెలిస్తే ఎనిమిది గళ్ళు చాలడం లేదండీ. జవాబు కరెక్టే వస్తోంది గానీ, కుడివైపు గీత బయటికి తోసుకుపోతోంది. వెడల్పు పెంచమంటారా?"

"నిన్నెవరు ఇవ్వమన్నారమ్మా అంత పెద్ద అంకెలు? బోర్డు మీద ఉన్నవి కనబడలేదా?" అని మాస్టారు స్కేలు ఆనించి, తల అడ్డంగా ఊపి, సున్నా వేశారు.

తనిఖీ రోజున ఆ అమ్మాయిని స్తంభం వెనక ఉన్న కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టారు, కంటికి ఆనకుండా.

వచ్చిన మేడమ్ భుజాన సంచితో, పెద్ద హడావిడి లేకుండా ఉంది. ప్రిన్సిపాల్ చూపించిన మెత్తటి కుర్చీ వదిలేసి, మొదటి వరుసలో ఓ కంప్యూటరు ముందు కూర్చుంది. పది, ఇరవై, ముప్ఫై అని కొట్టింది. పెట్టె అద్భుతంగా వచ్చింది. మాస్టారు స్కేలు అందించబోయారు.

"చుక్క కింద చుక్క చూడండి మేడమ్. వెంట్రుకవాసి తేడా ఉండదు."

"పది, ఇరవై, ముప్ఫై కలిపితే నూట డెబ్భై రెండా?" అంది మేడమ్.

మాస్టారు ఎన్నో ఏళ్ళ తర్వాత పెట్టెలోని అంకె వంక చూశారు.

"ఈ మిషను కాస్త పాతది మేడమ్."

ఆవిడ పక్క కంప్యూటరులో ఒకటి, ఒకటి, ఒకటి అని కొట్టింది. నూట డెబ్భై రెండు. ఆ పక్కదాంట్లో మూడు సున్నాలు కొట్టింది. నూట డెబ్భై రెండు.

"అన్నీ పాతవేనా మాస్టారూ?"

ప్రిన్సిపాల్‌కు ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది. పిల్లలు తలలు వంచుకుని కీబోర్డుల్లో ఏదో వెతుక్కుంటున్నారు. మేడమ్ లేచి, గది అంతా ఒకసారి కలయజూసి, నేరుగా స్తంభం వెనక్కి వెళ్ళింది. ఆవిడ విసుగ్గా నలభై లక్షలు, యాభై లక్షలు, అరవై లక్షలు అని కొట్టింది. జవాబు వచ్చింది. మొత్తం కోటీ యాభై లక్షలు, సగటు యాభై లక్షలు. కాకపోతే కుడివైపు నక్షత్రాలు ఒక వరుసలో మూడు గళ్ళు, ఇంకో వరుసలో రెండు గళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి.

ఆ ల్యాబులోకి వచ్చాక మేడమ్ మొహం విప్పారడం అదే మొదలు. ఏదో అనబోయింది. ఆ ఒక్క మాట బయటికి రానిస్తే ఏమయ్యేదో గానీ, మాస్టారు రానివ్వలేదు. ఆ వంకర పెట్టె చూసి ఆయన ప్రాణం విలవిల్లాడిపోయింది. పరుగున వచ్చి చేతులు జోడించారు.

"క్షమించాలి మేడమ్! ఈ పిల్ల నా దగ్గర తయారైంది కాదు, మధ్యలో వచ్చింది. నేను చెప్పింది ఒక్క ముక్క వినలేదు. అందుకే సున్నా వేశాను."

"మీరు చెప్పింది వినలేదా?"

"అస్సలు వినలేదండీ."

"మరి మిగతావాళ్ళంతా?"

"పొల్లుపోకుండా నేను చెప్పినట్టే మేడమ్!"

"అలాగా. అయితే అదే రాసుకుంటాను" అని మేడమ్ సంచిలోంచి పెన్ను తీసింది. ప్రిన్సిపాల్ దగ్గు మానేసి తల పట్టుకున్నాడు.

మాస్టారు మాత్రం ఇంటికి తేలిపోతూ వచ్చారు. "నా మాట నా ఎదుటే రాసుకుందోయ్!" అన్నారు. ఆయన భార్య మూడో అట్టపెట్టె తెచ్చుకుంది. కొత్త వంటింటి కిటికీకి అడ్డంగా ఏ రంగు గుడ్డ కట్టాలో కూడా అనుకుంది.

వారం తిరగకుండా కాగితం వచ్చింది. మాస్టారు గుమ్మంలోనే నిలబడి, చెయ్యి చాపి, దూరంగా పట్టుకుని చూశారు. కళ్ళు మెరిశాయి.

"ఎవరు కొట్టారో గానీ మహానుభావుడు! ఇటు చూడు, ఈ కుడి అంచు చూడు. కత్తితో కోసినట్టు లేదూ? ఒక్క అక్షరం బయటికి రాలేదు."

"అందులో ఏం రాశారండీ?" అంది ఆవిడ.

మాస్టారి చూపు ఇంకా ఆ అంచు మీదే ఉంది. ఆవిడే కాగితం అందుకుని చదివింది. వచ్చే నెలనుంచి ఆయన సేవలు కాలేజీకి అవసరం లేదట. ఇన్నాళ్ళ సేవకు కృతజ్ఞతలట. ఆవిడ రెండోసారి చదివి, మడిచి, ఆయన చేతిలో పెట్టింది.

"నేను చెప్పేది కూడా ఇన్నేళ్ళూ ఇలాగే దూరంనుంచి చూశారండీ మీరు" అంది. గొంతు పెంచలేదు. కింద గాలి మిషను ఇంకా మొదలుకాలేదు కాబట్టి ప్రతి మాటా ఆయనకు వినిపించింది.

ఆవిడ అట్టపెట్టె విప్పి, గిన్నెలు ఒక్కొక్కటే తీసి, చేతికొచ్చినట్టు గట్టు మీద పెట్టసాగింది. చిన్నది పెద్దదాని ముందు, మూత ఒకచోట, గరిటె ఒకచోట. మాస్టారు వాటివైపు చూడలేదు. కాగితాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుని, మొదటి అక్షరంనుంచి చదవడం మొదలుపెట్టారు.